తూటాకు కొసరు

పెళ్లయిన నలభై తొమ్మిదో ఏట మా ఆయన నాకు తెలియకుండా ఒక తాళంచెవి దాచారు. బీరువా తాళం, కొట్టు తాళం, చివరికి ఆయన ట్రంకుపెట్టె తాళం కూడా నా కొంగున వేలాడిన కాపురం మాది. అలాంటిది, ఈ పరాయిదేశంలో, డార్విన్ అనే ఊళ్లో, మా ఇంటికింద గోడకు బోల్టులతో బిగించిన ఇనపపెట్టె తాళం ఎక్కడుందో నాకు చెప్పకూడదట. చట్టమట. లైసెన్సు లేని మనిషికి తుపాకి తాళం జాడ తెలియకూడదట. నేను నీ భార్యను కదా అంటే, చట్టం దృష్టిలో నువ్వు లైసెన్సు లేని మనిషివేనని ఎంతో సంతోషంగా చెప్పారు.

సరే, నేనూ లైసెన్సు తీసుకున్నాను.

నవ్వకండి. నేను చదివింది నాలుగో తరగతే అయినా, ఆ క్లాసులో అడిగినవన్నీ నాకు తెలిసినవే. తుపాకి ఎటు తిప్పి పట్టుకోవాలి? మనుషులు లేనివైపు. కత్తిపీట గురించి మా అమ్మ చెప్పిందీ అదే. ప్రశ్నలు నాకు తెలుగులో చెప్పి, నా జవాబులు వాళ్లకు ఇంగ్లీషులో చెప్పడానికి నజీముద్దీన్ పక్కన కూర్చున్నాడు. అతనిది హైదరాబాదు. ఇక్కడ ట్రక్కులు బాగుచేసే షెడ్డు ఉంది. తుపాకుల క్లబ్బులో కొత్తవాళ్లకు నేర్పేది కూడా అతనే. ఒక్క ముక్క చాలినచోట నేను పది ముక్కలు చెప్పాననీ, తను తొమ్మిది మింగేసి ఒక్కటే తర్జుమా చేశాడనీ తర్వాత ఒప్పుకున్నాడు. కొన్ని నెలలకు కార్డు వచ్చింది. అందులో ఫొటో చూస్తే బందిపోటులా ఉన్నాను. మనవరాలు తన్మయి దాన్ని బంధువులందరికీ పంపేసింది. పాలకొల్లు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, బావతో ఏమైనా గొడవా అక్కా అని గొంతు తగ్గించి అడిగింది.

గొడవేమీ లేదు. మా ఆయన పేరు జనార్దనరావు. ఇరవయ్యో ఏట కాలేజీ నుంచి ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్లారు. అక్కడ త్రీనాట్‌త్రీ తుపాకి చేతికిచ్చి ఐదు తూటాలు పేల్చమంటే, ఐదూ నల్లచుక్కలోనే పడ్డాయట. అంతే. ఆ తర్వాత యాభై రెండేళ్లు తుపాకి ముఖం చూడలేదు. నాతో కలిసి పాలకొల్లులో పప్పుల కొట్టు నడిపారు. కానీ ఆ ఐదు తూటాల కథ నేను వినకుండా గడిచిన పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. మా అమ్మాయి వైశాలి ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. మమ్మల్ని తన దగ్గరికి రప్పించుకున్నాక ఈయన ఊరికే కూర్చోలేక క్లబ్బులో చేరి, అచ్చం అలాంటిదే ఒక పాత త్రీనాట్‌త్రీ కొనుక్కొచ్చారు. దానితోపాటు, అమ్మినాయన దగ్గరున్న యాభై ఖాళీ ఇత్తడి గొట్టాలు కూడా వచ్చాయి. మీ వయసువాళ్లు వాకింగ్ చేస్తారు నాన్నా అంది వైశాలి. చేస్తాగా, టార్గెట్ దాకా నడవొద్దా అన్నారు ఈయన.

ఆగస్టు చివరి ఆదివారం క్లబ్బులో పాత తుపాకుల పోటీ. మనిషికి పది తూటాలు. ఆయన ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్నారు. తీరా చూస్తే ఆ పాత తుపాకికి సరిపడే తూటాలు ఊళ్లో ఏ దుకాణంలోనూ లేవు, ఎప్పుడొస్తాయో చెప్పేవాడూ లేడు. నజీముద్దీన్ మాత్రం దిగులు పడనివ్వలేదు.

"గొట్టం ఉన్నదంటె తూటా ఉన్నట్టే అంకుల్. మీరే నింపుకోండ్రి. నేర్పిస్త."

అలా మా ఇంటికింద, వాషింగ్ మెషీన్ పక్కన, తూటాల వంటశాల వెలిసింది. తినేసిన కజ్జికాయకు మళ్లీ పూర్ణం కూరి కొత్త కజ్జికాయ చేయడం లాంటిది ఆ పని. బల్లకు బిగించిన ఒక ఇనప యంత్రం ఉంటుంది, జంతికల గొట్టం తిరగేసి దానికి పొడుగాటి పిడి పెట్టినట్టు. పిడి నొక్కితే పాత గొట్టం అడుగున కాలిపోయిన చిన్న బిళ్ల టిక్కున ఊడి పడుతుంది. దాన్ని ప్రైమర్ అంటారు. గొట్టాన్ని శుభ్రం చేసి, మళ్లీ సరైన ఆకారానికి నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, పైన సీసం గుండు దిగ్గొట్టాలి. ఇంతే. శుభ్రం చేయడానికి మిషను కొనాలన్నాడు నజీముద్దీన్. ఇత్తడి తోమడానికి మిషనేమిటని నేను చింతపండు నానబెట్టి, ఉప్పేసి, యాభై గొట్టాలనూ పూజసామాను తోమినట్టు తోమాను. నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, పాత చీర మీద వడియాల పక్కనే ఎండబెట్టాను. డార్విన్‌లో ఆగస్టు అంటే వానలుండని కాలం, ఆ పొడిగాలికి రెండు రోజుల్లో గలగలలాడాయి. నజీముద్దీన్ ఒక్కోదాన్నీ వెలుతురుకు పెట్టి, లోపల చింతపండు పీచు ఉందేమోనని ఒంటికన్నుతో వెతికాడు. దొరకలేదు. మళ్లీ వెతికాడు, అయినా దొరకలేదు. మావాళ్ల గొట్టాలు కూడా పంపిస్త అమ్మా అన్నాడు.

మందు దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఒక్కో గొట్టంలో ఎంత పోయాలో పుస్తకంలో రాసి ఉంటుంది. దానికి ఒక్క పలుకు ఎక్కువ కూడదు. సన్నటి పెన్సిల్ ముల్లును గోటితో తుంచినట్టుంటాయి ఆ పలుకులు. ఒక చిన్న గిన్నెలోంచి చిట్టి చెంచాతో తీసి, కంసాలి తక్కెడంత తక్కెడ పళ్లెంలో రాలుస్తూ, ముల్లు సరిగ్గా గీత మీద నిలవగానే ఆపాలి. రెండేళ్లుగా మా ఆయన చేతులు వణుకుతున్నాయి. యంత్రం పిడి నొక్కగలరు గాని, పలుకులు రాల్చలేరు. కాబట్టి తూకం పని నాకు వచ్చింది. తక్కెడ చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. పుట్టింటి మనిషి ఎదురొచ్చినట్టు అనిపించింది.

మందు తూచేటప్పుడు రేడియో వద్దు, ఫోన్ వద్దు, ముచ్చట్లు అసలే వద్దని నజీముద్దీన్ నా వైపే తిరిగి చెప్పాడు. అతను ఉన్నంతసేపూ బుద్ధిగా ఉన్నాను. అతని కారు మలుపు తిరగ్గానే నోరు విప్పాను. ఏం చేయను, తక్కెడ చేతిలో ఉంటే కొట్టు గుర్తొస్తుంది, కొట్టు గుర్తొస్తే మనుషులు గుర్తొస్తారు. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని యాభై తూటాలు నింపాం. ఒక్కో తూటాకూ ఒక్కో మనిషి కథ చెప్పాను. ఎవరు ఎలా నడిచేవారో, ఎవరు ఏ పప్పు కొని ఏమనేవారో అన్నీ చేసి చూపించాను. ఈయన నవ్వి నవ్వి కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకునేవారు. అంత సంతోషంగా మేమిద్దరం ఒక పని చేసి ఎన్నేళ్లయిందో.

పోటీ ముందురోజు, శనివారం నాలుగింటికి, నజీముద్దీన్ వచ్చాడు. కొత్తవాళ్లు నింపిన మొదటి పెట్టెను అతను చూసి సరేనని సంతకం పెడితేనే మైదానంలో పేల్చనిస్తారు. నింపిన క్రమంలోనే వరసకు పది చొప్పున ఐదు వరసలు, బంగారు తునకల్లా మెరుస్తున్నాయి. ఒక్కోదాని పొడుగు కొలిచాడు, అడుగు తడిమి చూశాడు, బాగున్నయన్నాడు. సంతకం పెట్టేముందు టీ తాగుదామని పైకి తీసుకొచ్చాను. పులిహోర పెట్టాను. చాలు అమ్మా అన్నాడు. నేను ఇంకో చెంచా వేశాను. అతను నవ్వాడు.

"చూసిన్రా అంకుల్, చాలన్నంక గూడ ఒకటి పడ్తది. అమ్మ చేతికి చాలన్న మాట వినవడదు."

నా చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది.

ఎందుకంటే ఆ మాట నిజం. నలభై ఏళ్లు కొట్టులో కూర్చున్నాను. కుడిచేత్తో పళ్లెం ఎత్తి పప్పు సంచిలో వంచుతుంటే, ఎడమచేతి వేళ్లు బస్తాలోంచి చిటికెడు తీసి పైన వేసేవి. కొసరు. కొనేవాళ్లు అడగనక్కర్లేదు, నేను అనుకోనక్కర్లేదు. వేశావా అని ఎవరైనా అడిగితే నా వేళ్లు చూసుకుని చెప్పాల్సిందే.

వంటింట్లోకి వెళ్లాను. గ్లాసుతో పెసరపప్పు కొలిచి డబ్బాలో పోశాను. పోశాక చూస్తే ఎడమచేతి వేళ్లకు పప్పు అంటుకుని ఉంది. జాగ్రత్తే కళావతీ అని నన్ను నేనే హెచ్చరించుకుని రెండోసారి పోశాను. ఈసారి కళ్లారా చూశాను. ఎడమచెయ్యి దొంగపిల్లిలా వెళ్లి, చిటికెడు తీసి, వేసేసింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ చేతి పక్కనే నింపిన యాభై తూటాలు గుర్తొచ్చాయి.

హాల్లో ఈయన రేపు ఏ చొక్కా వేసుకోవాలో నజీముద్దీన్‌కు చూపిస్తున్నారు. తనే ఇస్త్రీ చేసుకున్నారు. చెబితే యాభై తూటాలూ పోతాయి, యాభై రెండేళ్ల కోరికా పోతుంది. చెప్పకపోతే ఆ తుపాకి ఆయన కుడిచెంపకు ఆనుకుని ఉంటుంది. నలభై తొమ్మిదేళ్లుగా పొద్దున్నే నేను మొదట చూసే ముఖం అది. చెంగుతో చెయ్యి తుడుచుకుని బయటికొచ్చాను.

"ఏవండీ, ఆ మందులో నేను కొసరు వేసుంటాను."

ఇద్దరూ నా వైపు చూశారు.

"వేసుంటావా, వేశావా?" అన్నారు ఈయన.

"అది నా చేతికి తెలియాలండీ."

"వెయ్యలేదు. నేను పక్కనే ఉన్నానుగా. ముల్లు గీత మీద ఉందో లేదో నేనే చూశాను."

"ముల్లు చూశారు. పోసేటప్పుడు నా ఎడంచెయ్యి చూశారా?"

"అప్పుడు నవ్వుతున్నాను" అనేసి నాలిక కరుచుకున్నారు.

నజీముద్దీన్ పళ్లెం కింద పెట్టాడు. అమ్మ ముచ్చట్లు చెప్పిందా అని అడగలేదు, అడగనక్కర్లేకపోయింది. డౌట్ వచ్చిన తూటా తూటానే కాదు అంకుల్ అన్నాడు. చిటికెడు ఎక్కువైతే ఏమవుతుందని అడిగాను. ఏం కాకపోవచ్చునట. అయితే మాత్రం, ముందుకు పేలాల్సింది వెనక్కి పేలుతుందట.

కిందికి దిగాం. నింపిన తూటాను మళ్లీ విప్పడానికి ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. దాని బోలు తలలో తూటాను బిగించి నేలకేసి కొడితే గుండూ మందూ విడిపోయి ఆ తలలోనే పడతాయి. ముగ్గురం కళ్లద్దాలు పెట్టుకున్నాం. మొదటిది కొట్టి మందు తూచాడు. సరిగ్గా ఉంది. ఈయన నా వైపు కనుబొమ్మ ఎగరేశారు. రెండోదీ సరిగ్గానే ఉంది. మూడోదానికి పళ్లెం కిందికి జారింది. నాలుగు, ఐదు బాగున్నాయి. ఆరోదానికి మళ్లీ జారింది.

"ఒకరికి వేసి ఒకరికి మానేశావేంటే? ఇదేం న్యాయం?" అన్నారు ఈయన.

ఆ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. మూడో తూటా నింపుతూ నేను చెప్పింది కౌసల్యమ్మ కథ. నలుగురు పిల్లల్ని పెట్టుకుని ఒంటరిగా బతికింది పాపం, ఆవిడ సంచిలో కొసరు వేయని రోజు లేదు. ఆరోది పాండురంగం మాస్టారు. ఆయనకూ వేసేదాన్ని, మా వైశాలికి లెక్కలు చెప్పారు. మరి మొదటిది కనకరాజు. బేరం మొదలెట్టే లోపే గుప్పెడు వేరుశెనగ గుళ్లు నమిలేసే మనిషి. ఆయనకు కొసరేమిటి, తిన్నదే కొసరు.

ఇదంతా విని నజీముద్దీన్ సుత్తి పక్కన పెట్టాడు. తర్వాత ఏడోది తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"ఇదెవరమ్మా?"

"స్టేషన్ మాస్టారి భార్య. లేదు."

కొట్టాడు, తూచాడు. లేదు.

"ఇది?"

"ఆవిడ అత్తగారు. ఉంటుంది."

ఉంది. చిటికెడు కాదు, చిటికెడున్నర.

తన్మయి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. లైసెన్సు లేని మనిషివి, అక్కడే నిలబడమని తాతగారు ఆజ్ఞాపించారు. అది మెట్ల మీద కూర్చుని నేను చెప్పినవీ తక్కెడ చెప్పినవీ రాసింది. తొమ్మిది, పది, పదకొండు. ఎదురింటి కౌసల్యమ్మ చెల్లెలు, లేదు. కుంటి కుక్కను పెంచే బట్టల మూటలాయన, ఉంది. ఇరవైదాకా ఒక్కటీ తప్పలేదు. "అమ్మమ్మా, దిస్ ఈజ్ ఇన్సేన్" అని అది మెట్ల మీద పొర్లింది. నజీముద్దీన్ బోర్లించిన బకెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాకు గర్వంతో ఒళ్లు తెలియలేదు. దేశంకాని దేశంలో, వాషింగ్ మెషీన్ పక్కన, మా కొట్టుకొచ్చిన మనుషులందరూ ఒక్కొక్కరే దిగి వస్తున్నట్టుంది.

అప్పుడు ఈయన నవ్వు ఆపారు. పెట్టెలో మిగిలినవాటి మీద చెయ్యి పెట్టారు.

"అయితే వీటిల్లో కొసరు లేనివేవో నీకు తెలుసుగా. ఓ పన్నెండు ఏరి పెట్టవే. రేపటికి చాలు."

నజీముద్దీన్ ఆయన్ను చూడలేదు, నన్ను చూశాడు. ఏడోదాన్నుంచి పద్నాలుగుకు పద్నాలుగు. ఏరమంటే నిమిషంలో ఏరగలను. ఆయన కళ్లు చూస్తే, ఆ ఇరవయ్యేళ్ల కుర్రాడు క్యాంపులో వరసలో నిలబడి ఉన్నాడు.

"నా గుర్తును నమ్మి పెసరపప్పు అమ్ముతాను గానీ, మీ ముఖం పణంగా పెట్టనండీ. అన్నీ కొట్టెయ్యండి."

ఆయన పెట్టె మీంచి చెయ్యి తీశారు. నజీముద్దీన్ కొట్టడం మొదలెట్టాడు. ముప్పై ఒకటోది దర్జీ సత్తెయ్యది. నా రవిక పాడుచేసి ఒప్పుకోనివాడు. పదేళ్లు వాడితో మాట్లాడలేదు. లేదని గట్టిగా చెప్పాను. పళ్లెం జర్రున కిందికి జారింది. వాణ్ని ఎప్పుడు క్షమించానో నాకే తెలియదు.

ఈయన లేచి నజీముద్దీన్ చేతిలో సుత్తి తీసుకున్నారు. మిగతావన్నీ తనే కొట్టారు, వణికే చేతులతోనే. సుత్తికి వణుకుతో పనిలేదు.

పొద్దు వాలేసరికి యాభై గొట్టాలు ఒకవైపు, యాభై గుండ్లు ఒకవైపు, మధ్యలో మందు కుప్ప. ఆ మందును గడ్డి మీద పలచగా చల్లేయమన్నాడు నజీముద్దీన్, ఎరువులా పనిచేస్తుందట. అలసిన చేతులతో తూటా నింపకూడదనీ, పొద్దున్నే ఆరున్నరకు వస్తాననీ చెప్పాడు. పోటీ పదింటికి. గురి సరిచూసుకోవడానికి రెండు, లెక్కకు పది, మొత్తం పన్నెండు నింపితే చాలు.

ఆదివారం పొద్దున్న అతను రెండు షరతులు పెట్టాడు. ఒకటి, నేను పన్నెండూ అయ్యేదాకా నోరు విప్పకూడదు. రెండోది విని తన్మయి మళ్లీ మెట్లెక్కి పారిపోయింది, నవ్వు ఆపుకోలేక.

"ఎడమచెయ్యి మీద కూసోండ్రి అమ్మా."

కూర్చున్నాను. నా చెయ్యి నా కింద, నా నోరు నా అదుపులో. పుట్టి బుద్ధెరిగాక అలా ఉన్నది ఆ ఒక్క గంటే. కుడిచేత్తో పలుకులు రాల్చాను, కుడిచేత్తోనే పళ్లెం ఎత్తాను. నేను తూచిన ప్రతిదాన్నీ నజీముద్దీన్ మళ్లీ తూచి, కరెక్ట్ అన్నాకే గొట్టంలో పోశాను. మూడోదాని దగ్గర పైకప్పు మీంచి బల్లి ఊడి వాషింగ్ మెషీన్ మీద పడింది. దాని శకునం గురించి నాకు కనీసం అరగంట సరుకు తెలుసు. మింగేశాను. ఏడోదాని దగ్గర గొంతు దురద పెట్టింది, కళ్లంట నీళ్లొచ్చాయి. మా ఆయన జాలిపడి నా నోట్లో పటికబెల్లం ముక్క పెట్టారు. పన్నెండోదానికి గుండు దిగాక, మాట్లాడొచ్చమ్మా అన్నాడు నజీముద్దీన్. ఏం మాట్లాడాలో గుర్తురాలేదు. ఇద్దరూ భయపడి మంచినీళ్లు తెచ్చారు.

మైదానంలో తొమ్మిదిమంది ముసలివాళ్లు, తొమ్మిది ముసలి తుపాకులు. ఈయన ఇస్త్రీ చొక్కాతోనే చాప మీద బోర్లా పడుకున్నారు. చప్పుడు వినపడకుండా చెవులకు డిప్పలు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆయన చెంప తుపాకికి ఆనింది. ఢామ్మంది. కళ్లు తెరిచి చూశాను. ముఖం ముఖంలాగే ఉంది. రెండోసారి కళ్లు మూయలేదు. మిగతా పదీ నిమిషాల్లో అయిపోయాయి. నూటికి అరవై ఎనిమిది. తొమ్మిదిమందిలో ఆరోస్థానం. కానీ ఒక్కటి, నాలుగోది, నట్టనడుమ నల్లచుక్కలో పడింది. ఈయన లేవడానికి నజీముద్దీన్ చెయ్యి అందుకున్నారు గాని, లేచాక ఆ చెయ్యి వదలకుండా ఊపుతూనే ఉన్నారు. చూశారా, మేమే నింపాం, మా ఆవిడే తూచింది అని తెలుగు రాని ముసలివాళ్లందరికీ తెలుగులోనే చెప్పారు. వాళ్లూ తలలూపి భుజం తట్టారు.

తర్వాత ఇద్దరం వంగి గడ్డిలో ఖాళీ గొట్టాలు ఏరుకుంటున్నాం. ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఈయన ఉన్నట్టుండి అడిగారు.

"పొద్దున్న నోరు మూసుకుని కూర్చున్నావు కదా, మనసులో ఎవర్ని తలుచుకున్నావే?"

"మిమ్మల్నే."

ఆయన ముఖం విప్పారింది. రెండు గొట్టాలు ఏరి జేబులో వేసుకున్నారు. మూడోదాని కోసం వంగబోయి, ఆగి, నా వైపు తిరిగారు.

"పన్నెండిట్లో ఒక్క పలుకు కూడా ఎక్కువ లేదు. అయితే నాకు కొసరు లేదన్నమాట."

"నా ఎడంచెయ్యి పన్నెండుసార్లూ వెయ్యబోయిందండీ" అన్నాను. "దాని మీద కూర్చున్నాను కాబట్టి సరిపోయింది."